‘యుద్ధానికి అందలేదు’ అని రాసిన విమానం

విమానాల చరిత్ర చెప్పే పుస్తకాల్లో ఒక వాక్యం నాకు ఎన్నేళ్ళుగానో మింగుడుపడటం లేదు. హాండ్లీ పేజ్ వి/1500 అనే బ్రిటిష్ బాంబర్ ప్రస్తావన రాగానే ఆ వాక్యం వస్తుంది: విమానం సిద్ధమయ్యేసరికి యుద్ధం ముగిసింది, అందువల్ల అది యుద్ధంలో పాల్గొనలేదు. ఆ వెనకే రెక్కల పొడవు, ఇంజన్ల శక్తి, బరువు, వేగం. అన్నీ అయ్యాక, విస్తరి చివర ఊరగాయ వేసినట్టు, ఒక చిన్న విశేషం: 1919లో ఈ రకం విమానం ఒకటి కాబూల్ మీద బాంబులు వేసింది.

కాబూల్ మీద బాంబులు వేస్తే అది యుద్ధం కాదా? ఆ రోజు అఫ్గానిస్తాన్‌కూ బ్రిటన్‌కూ మధ్య జరుగుతున్నది యుద్ధమే. దానికి మూడో ఆంగ్లో-అఫ్గాన్ యుద్ధం అని పేరు కూడా పెట్టారు. అయినా ఆ పుస్తకాల లెక్కలో యుద్ధం అంటే 1918 నవంబరు 11న ఐరోపాలో ఆగిపోయినది ఒక్కటే. నా వాదన ఇంతకంటే కాస్త ముందుకు పోతుంది. కాబూల్ ఆ విమానం కథకు తోక కాదు. ఆ విమానాన్ని ఏ ఉద్దేశంతో గీసి, కోసి, అతికించి నిలబెట్టారో ఆ ఉద్దేశం నెరవేరిన చోటు అదే. ఆనాటి పెద్ద బాంబర్లు ఎలా పుట్టాయో మొదటి నుంచి చూస్తే తప్ప ఈ మాట నిలవదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందే ఒకటి చెప్పాలి. ఈ యంత్రాలంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు లెక్కల నోటు పుస్తకం వెనక పేజీల నిండా జంట రెక్కల విమానాలే గీసేవాణ్ణి. కొయ్యనూ గుడ్డనూ ఉక్కు తీగలనూ కలిపి పదమూడు టన్నులను గాలిలోకి లేపిన వాళ్ళ పనితనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

1914 డిసెంబరు. యుద్ధం మొదలై నాలుగు నెలలు. బ్రిటిష్ నౌకాదళంలో వైమానిక విభాగాన్ని చూస్తున్న మర్రే స్యూటర్, ఫ్రెడరిక్ హాండ్లీ పేజ్ అనే తయారీదారుతో పెద్ద విమానం గురించి చర్చలు మొదలుపెట్టారు. శత్రువును ఉన్నచోటే పక్షవాతం వచ్చినట్టు పడేసే విమానం కావాలి అన్న మోటు మాట ఆ చర్చల నాటి నుంచి ప్రసిద్ధం. ఆ మాటను చాలామంది సరదాగా ఎత్తి రాస్తారు. నేను మాత్రం దాన్ని అక్షరాలా తీసుకుంటాను. ఫలానా ఫ్యాక్టరీని కూల్చాలి, ఫలానా వంతెనను పడగొట్టాలి అని కాదు వాళ్ళు అడిగింది; కాళ్ళూ చేతులూ ఆడకుండా చేయాలి అని. అది దెబ్బ గురించి చెప్పిన మాట కాదు, దెబ్బ తిన్నవాడి మనసు గురించి చెప్పిన మాట.

అలా వచ్చిందే ఓ/100. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 100 అడుగులు, పేరులోని అంకె అదే. రెండు రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజన్లు. అప్పటి హ్యాంగర్లలో పట్టడానికి రెక్కలను వెనక్కి మడిచే ఏర్పాటు. 1915 డిసెంబరు 17న లండన్ దగ్గరి హెండన్‌లో తొలిసారి గాలిలోకి లేచింది. మాట అనుకున్న ఏడాదికి విమానం ఎగరడమంటే, ఈ రోజుల్లో మనం ఊహించలేని వేగం.

ఇలాంటి విమానం బ్రిటన్‌లోనే మొదట పుట్టిందనుకుంటే పొరపాటు. అప్పటికే రష్యాలో ఇగోర్ సికోర్‌స్కీ నాలుగు ఇంజన్ల విమానాలు ఎగరేశారు. 1913 చివర్లో ఎగిరిన ఆయన ఇల్యా మురొమెత్స్ ప్రయాణికుల కోసం తలపెట్టినది. అందులో కూర్చునే గది, దీపాలు, వెచ్చదనానికి ఏర్పాట్లు, మరుగుదొడ్డి కూడా ఉండేవి. 1914 వేసవిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి కీవ్‌కు వెళ్ళి తిరిగి వచ్చింది. కొద్ది వారాలకే యుద్ధం వచ్చిపడింది. 1915 ఫిబ్రవరి నాటికి అదే రకం విమానాలు బాంబులు మోస్తున్నాయి. మనుషులను మోయగలిగింది బాంబులనూ మోయగలదు, యంత్రానికి తేడా తెలియదు.

1917 జూన్ 13న పట్టపగలు జర్మనీకి చెందిన గోథా విమానాలు లండన్ మీద బాంబులు వేశాయి. 162 మంది చనిపోయారు. పాప్లర్ అనే పేటలో ఒక బడి మీద పడిన బాంబుకు 18 మంది పిల్లలు బలయ్యారు, వాళ్ళలో ఎక్కువ మంది ఐదారేళ్ళ పసివాళ్ళు. ఆ అంత్యక్రియలకు లండన్ కదిలింది. పగ తీర్చుకోవాలన్న కోపం వీధి వీధినా రాజుకుంది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను, పిల్లలను పోగొట్టుకున్న ఊరి కోపం అది. అయితే ప్రభుత్వం ఆ కోపాన్ని ఏం చేసిందన్నది వేరే ప్రశ్న. దక్షిణాఫ్రికా సేనాని యాన్ స్మట్స్‌కు పరిశీలన బాధ్యత అప్పగించారు. ఆగస్టులో ఆయన ఇచ్చిన నివేదిక, శత్రు దేశపు పరిశ్రమలనూ జనసమ్మర్దమైన పట్టణాలనూ పైనుంచి నాశనం చేయడమే రేపటి యుద్ధంలో ప్రధానమైన పని కావచ్చు, సైన్యమూ నౌకాదళమూ దాని తర్వాతే కావచ్చు అని చెప్పింది. ఆ నివేదిక ఫలితంగానే 1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్స్ పుట్టింది. లండన్‌కు జవాబు బెర్లిన్‌లో చెప్పాలన్న ఆలోచనకు కొయ్యతో, గుడ్డతో కట్టిన రూపమే వి/1500.

ఈ విమానం కొలతలన్నీ ఒక ఊరి దూరం నుంచి పుట్టాయి. ఇంగ్లండు తూర్పు తీరంలోని నార్‌ఫోక్ నుంచి బెర్లిన్‌కు గాలి దారిన దాదాపు 860 కిలోమీటర్లు. వెళ్ళి రావాలంటే 1,700 పైన. ఈ విమానం గరిష్ఠ వేగమే గంటకు 160 కిలోమీటర్లు దాటదు. అంటే ఎంత లేదన్నా పదకొండు గంటలు గాలిలో ఉండాలి, అదీ ఎదురుగాలి లేకపోతే. అన్ని గంటలకు సరిపడా పెట్రోలు సుమారు వెయ్యి గ్యాలన్లు. ఆ పెట్రోలు ఒక్కటే మూడు టన్నుల పైచిలుకు తూగుతుంది. దాన్ని మోయడానికి రెక్కలు 126 అడుగులకు పెరిగాయి. రెక్కలు పెరిగితే బరువు పెరిగింది, బరువు పెరిగితే మరింత శక్తి కావలసి వచ్చింది. మొత్తం నిండిన విమానం 13,600 కిలోలు. దగ్గరి దూరాలకైతే 7,500 పౌండ్ల బాంబులు మోయగలదు గానీ, బెర్లిన్ దాకా పోవాలంటే అందులో చిన్న భాగమే మిగులుతుంది. నాలుగు ఇంజన్లు, వెయ్యి గ్యాలన్ల పెట్రోలు, అంత మంది మనుషులు, అంతా కలిసి రాత్రి చీకట్లో ఒక మహానగరం మీద ఎక్కడో ఒకచోట కొన్ని బాంబులు జారవిడవడానికి. దానివల్ల జర్మనీ ఫ్యాక్టరీలు ఆగిపోతాయని లెక్కలు వచ్చినవాడెవడూ నమ్మి ఉండడు. బెర్లిన్ నిద్ర చెడాలి, అంతే.

ఇంజన్ల సంగతి నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కాస్త ఆగుతాను. మొదట అనుకున్నది నాలుగు కాదు, రెండే. రోల్స్ రాయిస్ 600 అశ్వశక్తి గల కాండర్ అనే పెద్ద ఇంజన్ తయారుచేస్తోంది, అవి రెండు పెడితే చాలనుకున్నారు. కాండర్ ఆలస్యమైంది. చేతిలో ఉన్నది 375 అశ్వశక్తి ఈగిల్ 8. అందుకని ఈగిల్ ఇంజన్లు నాలుగు తీసుకుని, రెక్కకు రెండు చొప్పున, వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టారు. ముందుది లాగుతుంది, వెనకది తోస్తుంది. వినడానికి తేలికే. కానీ ముందు ప్రొపెల్లర్ చిలికి వదిలిన గాలిలో వెనక ప్రొపెల్లర్ తిరగాలి. ఆ గాలి అప్పటికే వేగం పుంజుకుని, సుడి తిరుగుతూ వస్తుంది. అందుకే ముందు ప్రొపెల్లర్‌కు రెండు రెక్కలు, వెనకదానికి నాలుగు రెక్కలు. ఒకే రకం ఇంజన్‌కు రెండు రకాల ప్రొపెల్లర్లు ఎందుకున్నాయో తెలియక చిన్నప్పుడు ఆ బొమ్మను తప్పుగా గీశాను, నాలుగింటికీ రెండేసి రెక్కలే పెట్టాను.

ఈగిల్ ఇంజన్‌ను దగ్గర నుంచి చూసింది లండన్‌లోని సైన్స్ మ్యూజియంలో. ఆల్కాక్, బ్రౌన్ 1919 జూన్‌లో ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన విమీ విమానం అక్కడ ఉంది, దానివీ ఈగిల్ 8 ఇంజన్లే. ఇప్పటి ఇంజన్లలా ఒకే దిమ్మెలో తొలిచినవి కాదు దాని సిలిండర్లు. పన్నెండూ విడివిడిగా, రెండు వరుసల్లో ఒరిగి, దేనికది నీటి తొడుగుతో నిలబడి ఉంటాయి. చల్లబరిచే నీరు ఒక్కొక్క సిలిండర్ చుట్టూ ప్రత్యేకంగా తిరగాలి. ఆ తొడుగులన్నీ పలుచటి ఉక్కు రేకుతో అతికినవే. ఇంత సున్నితమైన పనిని వేసవి ఎండలో, దుమ్ములో, కొండల మీదుగా నడిపించారంటే, ఆ మెకానిక్‌లకు దండం పెట్టాలనిపించింది. గంటసేపు అక్కడే నిలబడ్డాను.

విమానాన్ని హాండ్లీ పేజ్ కంపెనీలో జార్జ్ వోల్కర్ట్ బృందం రూపొందించింది. లండన్‌లోని క్రికిల్‌వుడ్ ఫ్యాక్టరీకి, ఓ/100కు తర్వాతి రూపమైన ఓ/400ల పనితోనే ఊపిరాడటం లేదు. అందుకని తయారీ బెల్‌ఫాస్ట్‌లోని హార్లాండ్ అండ్ వుల్ఫ్‌కు వెళ్ళింది. టైటానిక్‌ను కట్టిన ఓడల కంపెనీ అదే. తయారైన భాగాలను లండన్ తెచ్చి బిగించారు. 1918 మే 22న తొలి ప్రయాణం. మూడు వారాలు తిరగకముందే జూన్‌లో ఆ మొదటి విమానం కూలిపోయింది, లోపలున్న ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. దాని తోక తీరు సరిగా లేదు, తర్వాతి విమానాల్లో మార్చారు. ఆ తోక చివర ఒక తుపాకీ మనిషికి చోటు ఉండేది. విమానం ఎగురుతుండగా లోపలి సన్నటి నడవ మీద నడుచుకుంటూ అక్కడికి చేరాలి, గంటల తరబడి ఒంటరిగా చలిలో కూర్చోవాలి.

నవంబరు నాటికి నార్‌ఫోక్‌లోని బిర్చమ్ న్యూటన్‌లో మూడు విమానాలు బెర్లిన్‌కు సిద్ధంగా ఉన్నాయి. కాల్పుల విరమణ వచ్చింది. పుస్తకాల్లోని ఆ వాక్యం ఇక్కడ ఆగిపోతుంది.

విమానం ఆగలేదు. డిసెంబరు 13న, అంటే విరమణ జరిగి నెల రోజులకు, ఒక వి/1500 ఇంగ్లండు నుంచి భారతదేశానికి బయలుదేరింది. పేరు ఓల్డ్ కార్తూసియన్. నడిపినవారు మేజర్ మెక్‌లారెన్, కెప్టెన్ రాబర్ట్ హాలీ. ప్రయాణికుడు ఇక్కడి వైమానిక దళానికి అధిపతిగా వస్తున్న బ్రిగేడియర్ జనరల్ మెక్‌ఈవెన్. వెంట ముగ్గురు మెకానిక్‌లు. రోమ్, మాల్టా, కైరో, బాగ్దాద్ మీదుగా కరాచీ చేరారు, జనవరిలో ఢిల్లీకి వచ్చారు. దారిలో ఇంజన్లు మొరాయించాయి, ఎక్కడ పడితే అక్కడ దిగవలసి వచ్చింది. సాహసంగా చూస్తే గొప్ప ప్రయాణమే. కానీ ఢిల్లీలో దిగినది ఎలాంటి దేశంలోనో గుర్తుచేసుకోవాలి. అప్పుడే రౌలట్ చట్టం రాబోతోంది. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. దాని మర్నాడే, ఏప్రిల్ 14న, పంజాబ్‌లోని గుజ్రన్‌వాలాలో అల్లర్లను అణచడానికి రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాలను పంపారు. అవి చిన్న విమానాలే. వాటిలోంచి గుంపుల మీద బాంబులు వేశారు, మరతుపాకులతో కాల్చారు. ఒక బాంబు బడి హాస్టల్ దగ్గర పడింది. పాప్లర్‌లో బడి మీద బాంబు పడి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. జలియన్‌వాలా బాగ్ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. గుజ్రన్‌వాలా చదివినట్టు నాకు గుర్తులేదు, మీకు గుర్తుందా?

మే నెల మొదట్లో అఫ్గాన్ యుద్ధం వచ్చింది. తండ్రి హబీబుల్లా హత్య తర్వాత ఫిబ్రవరిలో గద్దెనెక్కిన యువరాజు అమానుల్లా, తన దేశపు విదేశీ వ్యవహారాలు బ్రిటిష్‌వారి చేతిలో ఉండటానికి ఒప్పుకోలేదు. సరిహద్దులో పోరు మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది ఓల్డ్ కార్తూసియన్. చిన్న విమానాలు జలాలాబాద్ దాకా వెళ్ళగలవు, కాబూల్ దాకా వెళ్ళి రావడం వాటి వల్ల కాదు.

1919 మే 24. విక్టోరియా రాణి పుట్టినరోజు, సామ్రాజ్య దినంగా జరుపుకునే రోజు. పెషావర్‌కు దగ్గరలోని రిసాల్‌పూర్ నుంచి తెల్లవారుజామున హాలీ విమానాన్ని లేపారు. పక్కన లెఫ్టినెంట్ విలియర్స్, వెనక మెకానిక్‌లు. మోసుకెళ్ళినవి 112 పౌండ్ల బాంబులు నాలుగు, 20 పౌండ్ల చిన్న బాంబులు పదహారు. కూడితే 768 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 350 కిలోలు. విమానం మోయగల గరిష్ఠ బరువులో ఇది పదో వంతు. ఎందుకంత తక్కువ? దారిలో కొండలు. కాబూల్ ఉన్న చోటే సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు ఇంకా పైకి. ఈ విమానం కొత్తగా ఉన్నప్పుడే 11,000 అడుగులు ఎక్కడం గగనం. మే నెల వేడికి పలచబడిన గాలిలో, ప్రపంచం సగం తిరిగివచ్చిన విమానంతో, జగ్దలక్ కొండల మీదుగా వెళ్ళాలి. బెర్లిన్ దారిలో సముద్రం దాటితే అంతా బల్లపరుపు మైదానం. మైదానానికి కట్టిన విమానాన్ని కొండల్లోకి తోలారు. వెళ్ళి రావడానికి ఆరు గంటలు పట్టింది.

బాంబులు అమీర్ అమానుల్లా కోట ఆవరణలోనూ ఆయుధాగారం మీదా పడ్డాయి. జరిగిన నష్టం పెద్దది కాదు. ఆ రోజు గురించి బ్రిటిష్‌వారు పదే పదే చెప్పుకున్నది కూలిన గోడల గురించి కాదు. అంతఃపుర స్త్రీలు హడలిపోయి వీధుల్లోకి పరుగులు తీశారని, అది అమీర్‌కు తలవంపులైందని. ‘పక్షవాతం’ అడిగినవాళ్ళకు నాలుగున్నరేళ్ళ తర్వాత అందిన నివేదిక ఇది. బెర్లిన్‌లో ఆశించినది కూడా సరిగ్గా ఇదే. ఊరు మారింది, లక్ష్యం మారలేదు. అందుకే అంటున్నాను, కాబూల్ ఆ విమానానికి దారి తప్పిన పని కాదు.

అమానుల్లా ఊరుకోలేదు. వైస్రాయికి రాసిన ఉత్తరంలో ఆయన ఎత్తిచూపిన విషయం నాకు ఎప్పటికీ మరపు రాదు. లండన్ మీద జెప్పెలిన్లు, అంటే జర్మనీ గాలి ఓడలు, బాంబులు వేసినప్పుడు దాన్ని పరమ అనాగరికమని నిందించారు, ప్రార్థనా స్థలాల మీద, పవిత్రమైన చోట్ల మీద దాడులను అతి హేయమన్నారు. ఇప్పుడు అదే పని పడమటి నాగరికులందరికీ అలవాటేనని మా కళ్ళతో మేమే చూస్తున్నాం అని ఆ ఉత్తరం సారాంశం. పాత రోజులను నేటి నీతితో కొలవకూడదని నాతో వాదించే మిత్రులున్నారు. సరే, కొలవను. 1919లోనే, బాంబులు పడిన వారాల్లోనే, బాంబులు పడిన ఊరి రాజు ఈ కొలత వేశాడు. ఆ కొలబద్ద కూడా ఆయన తయారుచేసుకున్నది కాదు. లండన్‌వాళ్ళు తమ పిల్లల శవాల ముందు నిలబడి వాడినదే.

ఇక విజయం సంగతి. ఒక్క విమానం, ఒక్క ఉదయం, యుద్ధం ముగిసింది అన్న కథ ఇప్పటికీ చెలామణిలో ఉంది. తేదీలు వరుసగా పేర్చి చూస్తే ఆ కథ ఊగుతుంది. కాబూల్ మీద బాంబులు పడింది 24న. మూడు రోజుల తర్వాత, 27న, అఫ్గాన్ సేనాని నాదిర్ ఖాన్ సైన్యం సరిహద్దులో బ్రిటిష్‌వారి థాల్ కోటను చుట్టుముట్టి ఫిరంగులు పేల్చింది. పక్షవాతం వచ్చిన సైన్యం చేసే పనేనా అది? థాల్‌ను విడిపించడానికి వెళ్ళిన బ్రిటిష్ దళానికి నాయకుడు జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యరే. జూన్ 3న విరమణ కుదిరింది. ఆగస్టు 8న రావల్పిండిలో ఒప్పందం. దాని తర్వాత అఫ్గానిస్తాన్ విదేశీ వ్యవహారాలు అఫ్గానిస్తాన్ చేతికే వచ్చాయి, అంటే అమానుల్లా దేని కోసం యుద్ధానికి దిగాడో అది దక్కింది. ఆ దేశం నేటికీ ఆగస్టు 19న స్వాతంత్ర్య దినం జరుపుకుంటుంది. బాంబు భయపెట్టలేదని నేననను, భయపెట్టే ఉంటుంది. విరమణ త్వరపడటానికి అదీ ఒక కారణం కావచ్చు. భయపెట్టడమూ లొంగదీయడమూ ఒకటేనని లెక్క కట్టడమే తప్పు.

భయం ఎలా పనిచేస్తుందో మా ఇంట్లో ఒక కథ ఉంది. నేను పెరిగింది విశాఖపట్నంలో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి భారీ బాంబర్లు కావు, చనిపోయినవాళ్ళూ కొద్దిమందే. కానీ ఊరు ఊరంతా ఖాళీ అయింది. మా నాయనమ్మకు అప్పుడు పదేళ్ళు. ఇంటికి తాళం వేసి, మూటలు నెత్తిన పెట్టుకుని రెండు వీధులు దాటాక, పెరట్లో దూడను విప్పలేదని గుర్తొచ్చి వాళ్ళ నాన్న వెనక్కి పరుగెత్తాడట. ఆయన తిరిగి వచ్చేదాకా వాళ్ళమ్మ నడిరోడ్డు మీద కూలబడి, ముందుకు కదలనంది. బాంబు శబ్దం ఎలా ఉందని నేను ఎన్నిసార్లు అడిగినా నాయనమ్మ దూడ గురించే చెప్పేది. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి పెట్టారు. ఒకసారి ఆమెను తీసుకెళ్ళి చూపించాను. దాని వైపు చూసింది, కొంగుతో ముఖం తుడుచుకుంది, పద వెళ్దాం అంది. అయితే విశాఖ జనం వారాల్లోనే తిరిగి వచ్చారు, ఓడరేవు నడిచింది. కాబూల్ జనం అంతకంటే భిన్నమని నేననుకోను.

కానీ లండన్‌లో పాఠం ఇంకోలా నేర్చుకున్నారు. యుద్ధం తర్వాత ఖర్చు తగ్గించాల్సిన రోజుల్లో, చిన్నదైన కొత్త వైమానిక దళాన్ని సైన్యమూ నౌకాదళమూ మింగేయకుండా కాపాడుకోవాలి. వేలాది సైనికుల పని కొన్ని విమానాలతో చవకగా అవుతుందని దళాధిపతి ట్రెంచర్డ్ వాదించారు. 1921 మార్చిలో కైరో సమావేశంలో చర్చిల్ ఆ దారి ఎంచుకున్నారు, 1922 అక్టోబరులో ఇరాక్ కాపలా వైమానిక దళం చేతికి వెళ్ళింది. అక్కడ ఒక దళాన్ని నడిపినవారు ఆర్థర్ హారిస్, అంతకు ముందు భారతదేశంలో పనిచేసినవారే. ఆయనకు ఇచ్చినవి వెర్నన్ అనే రవాణా విమానాలు. విమీ బాంబర్‌ను ప్రయాణికుల కోసం మార్చితే వచ్చిన రకం అది. హారిస్ దాని ముక్కుకు రంధ్రం పెట్టించి, బాంబులు మోసే ఏర్పాటు బిగించి, మళ్ళీ బాంబర్‌గా మార్చారు. 1942లో జర్మనీ నగరాల మీద రాత్రి దాడులు జరిపిన బాంబర్ దళానికి అధిపతి ఆయనే. దానికి ఆరు నెలల ముందు, 1941 ఆగస్టులో, బట్ అనే అధికారి ఫోటోలు పరిశీలించి ఇచ్చిన నివేదిక బయటపడింది. లక్ష్యం మీద బాంబులు వేశామని చెప్పిన విమానాల్లో మూడింట ఒక వంతే దానికి ఐదు మైళ్ళ లోపు చేరాయి. ఫ్యాక్టరీకి గురి కుదరదని తేలింది కాబట్టి నగరాన్నే గురిగా పెట్టుకున్నారు. 1918లో బెర్లిన్ కోసం వేసిన లెక్క చివరికి పూర్తిగా అమలైంది, హాండ్లీ పేజ్ కంపెనీవే అయిన హాలిఫాక్స్ విమానాలు కూడా అందులో పాల్గొన్నాయి.

ఇంజనీర్లను ఏమంటారు అని అడిగారు ఒక మిత్రుడు. బాంబర్ల వల్లనే కదా ప్రయాణికుల విమానాలు వచ్చాయి, 1919లోనే ఓ/400లను మార్చి లండన్-పారిస్ మధ్య నడిపారు కదా అని. నిజమే. ఆ నాలుగు ఇంజన్ల అమరికను చూసి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను. నేను అడిగేది ముచ్చట మానుకోమని కాదు, లెక్క పూర్తిగా రాయమని. రెక్కల పొడవు అంగుళం తేడా లేకుండా రాసే ఓపిక ఉన్నవాడికి, ఆ రెక్కలు ఎవరి ఇళ్ళ మీదుగా వెళ్ళాయో రాసే ఓపిక కూడా ఉండాలి.

నేడు ప్రపంచంలో ఎక్కడా ఒక్క వి/1500 మిగల్లేదు. ఓల్డ్ కార్తూసియన్ కొయ్యకు ఇక్కడి చెదలు పట్టాయి. నా దగ్గర విమానాల పాత పుస్తకం ఒకటుంది, అట్ట ఊడిపోతే నేనే గోధుమ రంగు కాగితం వేసుకున్నాను. అందులో వి/1500 పేజీలో ‘యుద్ధంలో పాల్గొనలేదు’ అన్న చోట మార్జిన్‌లో రాసి పెట్టాను: 1919 మే 24, రిసాల్‌పూర్ నుంచి కాబూల్, ఆరు గంటలు, ఇరవై బాంబులు.